కోడండ్లకు అచ్చిరాని ఇల్లు

నలభై దాటి బతకనని కనకవ్వ గట్టిగా నమ్మింది. ఏ జ్యోతిష్కుడూ చెప్పింది కాదు, అత్తగారింటికి వచ్చిన మర్నాడే ఊరు చెప్పిన మాట. ఆమె పుట్టిల్లు కోరుట్ల పక్కన, పసుపు పండించే కాపుల ఇల్లు. మెట్టినిల్లు జగిత్యాలకు అవతల, సారంగాపూర్ దాటాక అడవి అంచున ఉన్న పల్లె. కొత్త కోడలు బావి దగ్గర బిందె దించిందో లేదో, ఒకావిడ పైనుంచి కిందిదాకా చూసి, "అయ్యో పిల్లా, గా ఇంటికా అచ్చినవు? గది కోడండ్లకు అచ్చిరాని ఇల్లు గదనే" అంది. ఆ ఊళ్లో కొత్తవాళ్లను పలకరించే పద్ధతి అదీ.

ఊరి మాటకు ఆధారం లేకపోలేదు. కనకవ్వ మామ లస్మయ్య. ఆయన తల్లి చిన్నవ్వ రొమ్ములో గడ్డ లేచి పోయింది. ఆయన భార్య నాగవ్వకు కూడా అదే గడ్డ లేచింది, ఆమె నలభై నిండకుండానే కన్ను మూసింది. ఇద్దరూ ఆ ఇంటి కోడళ్లే. మూడో కోడలు కనకవ్వ. ఇక లెక్క చేయడానికి బడికి పోవాలా? పాపం లస్మయ్య తన ఇంటిదే దోషమనుకుని వాకిలి తూర్పు నుంచి ఉత్తరానికి మార్పించాడు, మళ్లీ ఎవరో ఏదో అంటే ఉత్తరం నుంచి తూర్పుకే మార్పించాడు. దూలాలు నవ్వుకుని ఉంటాయి.

ఇంకొకతె అయితే ఏడుస్తూ కూర్చునేది. కనకవ్వ తీరు వేరు. పోయేది ఎలాగూ పోతాం, ఉన్నన్నాళ్లు మంచిగా ఉందాం అనుకుంది. ఊళ్లో అందరికన్నా గట్టిగా నవ్వేది, పెళ్లిళ్లలో అందరికన్నా ముందు పాట అందుకునేది, మాంసం వండిన రోజు మూలుగ బొక్క తానే తీసుకునేది. అవి చెడ్డ రోజులు. పొద్దంతా పోలీసులు, పొద్దూకితే అడవిలోంచి నక్సలైట్ అన్నలు. ఎవరొచ్చి దబాయించినా ఊరు వణికేది. కనకవ్వ మాత్రం, "నలభై దాకా నాకేం కాదు, రాసి పెట్టి ఉన్నది" అని కొంగు దోపుకుని వాకిట్లో నిలబడేది. చావు తేదీ తెలిసిన మనిషికి ఉండే ధైర్యం అది, దానికి మందు లేదు.

భర్త రాజలింగం దుబాయ్‌లో ఉండేవాడు, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కనకవ్వ ఆయనకు రెండో పెళ్లి సంబంధం చెప్పేది. పిల్ల ఎవరో కాదు, కనకవ్వ సొంత చిన్నాయన బిడ్డే. "నేను పోయినంక మన బిడ్డ స్వరూపను మంచిగ చూసుకునేది కావద్దా? పరాయిది అయితే అన్నం పెడ్తదా?" అనేది. రాజలింగం తినే కంచం పక్కకు నెట్టేవాడు.

"నువ్వు సచ్చుడు సంగతి తర్వాత గని, నన్నైతే గిప్పుడే సంపుతున్నవ్ గదనే!"

చివరికి ఆ చిన్నాయన బిడ్డకు మెట్‌పల్లిలో పెళ్లి కుదిరింది. కనకవ్వ పెళ్లికి పోయి, కడుపు నిండా తిని, చేతికందిన సంబంధం పోయిందని దారి పొడుగునా బాధపడుతూ వచ్చింది.

ముప్పై ఎనిమిదో ఏట పుట్టింట్లో పసుపు తవ్వకానికి పోయినప్పుడు ఎడమ రొమ్ము దగ్గర నొప్పి మొదలైంది. అప్పుడు తెలిసింది ఆమెకు, దూరంగా ఉన్న చావు వేరు, గుమ్మంలోకి వచ్చిన చావు వేరని. నవ్వు రాలేదు, ముద్ద దిగలేదు. గాజులు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి ఒక్కతే జగిత్యాల బస్సెక్కింది.

జగిత్యాలలో ఆడవాళ్లు ధైర్యంగా చూపించుకునే డాక్టరు దమయంతి. ఆమె ఎవరో కాదు, కనకవ్వ ఊరి దొర జగపతిరావు బిడ్డ. అన్నలు వచ్చాక దొర కోటలాంటి తన గడికి తాళం వేసి జగిత్యాల చేరాడు, ఆయన బావి కింది పొలంలో రైతు కూలీ సంఘం ఎర్రజెండా పాతి ఊరికి పంచింది. అందులో ఒక మడి లస్మయ్య దున్నుతున్నాడు. ఈ సంగతి తలుచుకుని కనకవ్వ దవాఖాన మెట్ల మీదే రెండుసార్లు వెనక్కి తిరిగింది. కానీ నొప్పి ముందుకే నెట్టింది.

డాక్టరమ్మ తలుపు వేసి, నిదానంగా రెండు వైపులా, చంకల దాకా వేళ్లతో వత్తి చూసింది.

"ఎన్ని రోజుల సంది నొప్పి?"

"నొప్పి వారం సంది డాక్టరమ్మా. బుగులైతే పెండ్లయినప్పటి సంది."

"బరువులెత్తినవా?"

"పసుపు బస్తాలు ఎత్తిన."

"గదే మరి. కండ పట్టుకున్నది. గడ్డా లేదు, గిడ్డా లేదు. ఇంతకు పెండ్లయినప్పటి సంది బుగులేందే, గింత భయమెందుకే?"

కనకవ్వ రవికె ముడి వేసుకుంటూ చిన్నవ్వ కథ, నాగవ్వ కథ, వాకిలి కథ, చివరికి మొగుడికి చూసిన సంబంధం కథ కూడా చెప్పేసింది. ఆ చివరి కథకు దమయంతికి నవ్వు ఆగలేదు. నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, అప్పుడు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

"నిన్ను కన్న మీ అవ్వకు ఉన్నదా గీ రోగం? మీ అక్కచెల్లెండ్లకు?"

"ఎవ్వలకు లేదు. మా అవ్వ కోరుట్లల గుండు లెక్క ఉన్నది."

"మీ అవ్వ తోడబుట్టినోళ్లకు? మీ నాయిన దిక్కు ఆడోళ్లకు?"

"లేదు డాక్టరమ్మా."

"మరి నీకెందుకు అస్తదనుకున్నవ్?"

"ఇల్లు గదా!" అంది కనకవ్వ, ఇంత చిన్న సంగతి ఇంత చదువుకున్నామెకు తెలియదా అన్నట్టు. "కోడండ్లకు అచ్చిరాదు."

"ఇంటికి రోగం ఉండదు కనకవ్వా, మనిషికి ఉంటది. సరే, మీ అత్త నాగవ్వ ఎవలి బిడ్డ?"

"చిన్నవ్వకు అన్న బిడ్డ. తన తోడబుట్టినోని బిడ్డనే కోడలిగ తెచ్చుకున్నది. మేనరికం."

దమయంతి కుర్చీలో వెనక్కి వాలింది. "గిప్పుడు సమజైంది. వాళ్లిద్దరు మేనత్త, మేనకోడలు. ఒక్క ఇంట్ల పుట్టిన బిడ్డలు, ఒక్కటే నెత్తురు. కోడండ్లని కాదే పిచ్చిదానా, గా నెత్తురుల ఉన్నట్టుంది. నువ్వు పై సంబంధం. గా ఇంటి అన్నం నీకు వంటబట్టింది గని, నెత్తురు వంటబట్టలే."

కనకవ్వకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా ఊరంతా కలిసి చేసిన లెక్కలో, ఆ ఇద్దరు కోడళ్లూ ఒకే పుట్టింటి ఆడపిల్లలని తెలియని వాళ్లు లేరు. తెలిసీ ఎవరికీ తట్టలేదు. కోడలై ఇల్లు మారాక పుట్టిల్లు ఎక్కడ గుర్తుంటుంది జనానికి!

"అయితే నాకు రానే రాదా?"

"గట్లని నేను రాసియ్య. ఆడదై పుట్టినంక, వయసు మీదపడ్డకొద్ది ఎవలకైనా ఎంతో కొంత ఉంటది. ఇంట్ల ఎన్నడు లేనోళ్లకు సుత అస్తది. కని నీ పక్కింటామెకు ఎంతో నీకు గంతే, అంతకంటె ఎక్కువేం లేదు. నెలకొకసారి నీ చేత్తోని నువ్వే చూసుకో. కొత్తగ ఏదన్న తగిలితే రా. అంతే." దమయంతి మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది. "గని నాగవ్వ కడుపున పుట్టిన ఆడపిల్లలు ఉన్నరా?"

"ఒక్కతే. శాంత. ఎల్లంతకుంటల ఇచ్చినం."

"ఆమెను తీస్కరా. తల్లి గంత చిన్న వయసుల పోయిందంటె, మనందరికంటె ఆమెకు భయం ఎక్కువ. చిన్నవ్వ సుత ఆమెకు నాయినమ్మ గదా. ఇంకో మాట. నీ మొగడు నాగవ్వ కొడుకు. గీ నెత్తురు కొడుకు దిక్కు నుంచి మనుమరాలికి సుత పోవచ్చు. నీ పిల్లకు ఎన్నేండ్లు?"

"పదహారు," అంది కనకవ్వ, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ.

"గిప్పుడేం ఫికర్ లేదు. కొంచెం పెద్దదైనంక చూపించుకుంట ఉండాలె. ముచ్చటైతే తెలిసి ఉండాలె."

ఆ చివరి మాటను కనకవ్వ విననట్టే లేచింది. గుమ్మం దగ్గరికి వచ్చాక దమయంతి వెనక నుంచి పిలిచింది. "మా బాయి కింది పొలం మంచిగ పండుతున్నదా?"

కనకవ్వకు లస్మయ్య దున్నే మడి కళ్ల ముందు కదిలింది. అయినా నోరు ఊరుకోదు కదా. "పండుతున్నది దొర్సానీ. మీ నాయిన చేసినప్పటికంటె జర ఎక్కువనే."

డాక్టరమ్మ ఈసారి కూడా నవ్వింది. మంచి మనిషి.

బస్టాండులో కనకవ్వ పావుకిలో జిలేబి కొని, బెంచీ మీద కూర్చుని ఒక్కతే మొత్తం తినేసింది. చేతులు పాకం పాకం అయ్యాయి. ముసలిదాన్నవుతానన్న ఆలోచన ఆమెకు కొత్త. పళ్లూడిపోయిన తన మొహాన్ని ఊహించుకుంటే భలే ముద్దొచ్చింది. బస్సు కదిలి సగం దూరం వచ్చాకే ఆ పాకం నోట్లో చేదైంది. తన నెత్తి మీది బరువు దిగింది సరే, అది నేల మీద పడలేదు. శాంత నెత్తి మీదికి పోయింది. ఇంకొకరి పేరు కూడా మనసులోకి రాబోయింది. కనకవ్వ దాన్ని రానివ్వలేదు.

శాంత గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. పుట్టింటికి వస్తే చెప్పులు విప్పకముందే కూరలో ఉప్పు ఎక్కువైందనగలదు. ఆ నోటికి ఎల్లంతకుంటలో అత్త కూడా భయపడేది. కానీ కనకవ్వ కాపురానికి వచ్చేసరికి శాంత తల్లి లేని చిన్నపిల్ల. తల దువ్వి జడ వేసింది, మొదటిసారి మైలైనప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంది, పెళ్లి చేసి పంపింది కనకవ్వే. వదిన, ఆడబిడ్డ పొద్దున కొట్లాడి మధ్యాహ్నానికి ఒకే కంచంలో తినే రకం.

రెండు రోజులు ఆగి కనకవ్వ ఎల్లంతకుంట పోయింది. ఎలా చెప్పాలో దారంతా వల్లె వేసుకుంది, అక్కడికి పోయాక అన్నీ మరిచిపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. శాంత మొహం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"మంచిగున్నది వదినె! నీ మీద ఉన్నది నా మీదికి తోసేటందుకు గింత దూరం అచ్చినవా? నేను గా ఇంటి దాన్ని కాదు. పెండ్లయిననాడే ఇంటి పేరు మారింది, గోత్రం మారింది. గా ఇంటి రోగం నాకెందుకు అస్తది?"

"గట్ల కాదు శాంతా, డాక్టరమ్మ ఏమన్నదంటే..."

"నా పిల్లల ముంగట ఇంకొక్క మాట మాట్లాడితే బాగుండది!"

కనకవ్వ మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగి వచ్చింది. శాంత నోరు ఆమెకు కొత్త కాదు. కానీ అరిచేటప్పుడు శాంత కుడి చేత్తో కొంగును గుండెల మీద గట్టిగా అదిమి పట్టుకుంది. బస్సులో ఆ చెయ్యే కళ్ల ముందు కనబడుతూ ఉంది.

పిలిస్తే రాని ఆడబిడ్డను రప్పించడానికి తెలంగాణలో ఒక్కటే దారి, ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఆడపిల్ల ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి పంపుతారు. ఆమె వాటిని అత్తగారింటికి తీసుకుపోయి, వండి నలుగురికీ పెడుతుంది. ఎంత అలిగినా, ఎంత తిట్టుకున్నా, ఒడిబియ్యానికి రానన్న ఆడపిల్ల ఇంతవరకు పుట్టలేదు. కనకవ్వ మామతో కబురు పంపించింది. శాంత మొగుడు రాజనర్సు మస్కట్‌లో ఉన్నాడు, ఇటు రాజలింగం దుబాయ్‌లో. మగవాళ్లు దేశంలో లేరని ఆ రోజుల్లో ఏ పనీ ఆగేది కాదు, ఆగితే సగం ఊళ్లలో పండుగలే ఉండేవి కావు.

శాంత వచ్చింది. మాట్లాడకుండా వచ్చి, మాట్లాడకుండా పీట మీద కూర్చుని, కొత్త చీర కొంగు ఒడిలో పరిచింది. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు, ఒక పక్కన గోడకు ఆనుకుని లస్మయ్య. స్వరూప పసుపు బియ్యం గంప పట్టుకుంది. కనకవ్వ సోల నిండా బియ్యం తీసి ఒడి మీదికి వంచబోయి, సగంలో ఆపింది.

"ఒక్క మాట అడుగుత, చెప్పు శాంతా. గోత్రం మారింది, గీ ఇంటికి నాకు ఏం లేదంటివి గదా?"

"ఇప్పుడెందుకు గా ముచ్చట!"

"ఏం లేనిదానివి ఒడి ఎందుకు పట్టినవే మరి?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. శాంత లేవబోయింది, కానీ ఒడిలో అప్పటికే పోకలు, ఎండుకొబ్బరి కుడకలు ఉన్నాయి, అవి నేల మీద పడితే అశుభం. చిక్కింది పిల్ల.

"బియ్యం కావాలె, చీర కావాలె, మీ అవ్వ ముక్కు కావాలె, మీ నాయినమ్మ నోరు కావాలె," అంది కనకవ్వ. "అవి అన్ని పుట్టింటియే. గోత్రం మారితే గా ముక్కు మారిందా? ఒక్కసారి జగిత్యాలకు రా. ఏం లేదంటె నన్ను నలుగుట్ల తిట్టు, పడుత."

మళ్లీ నవ్వులు. శాంత నవ్వలేదు. అప్పుడు లస్మయ్య గోడ దగ్గర నుంచే మెల్లగా అన్నాడు. "మీ అవ్వ ఎవ్వలకు చెప్పలే బిడ్డా. రవికెల దాసుకున్నది. మాకు తెలిసేవరకు పుండైంది. నువ్వన్న చెప్పు."

శాంత ఒకసారి తండ్రి వైపు చూసింది. వంగి, కనకవ్వ చెయ్యి పట్టి తన దగ్గరికి లాక్కుంది. చెవిలో చెప్పిన మాట కనకవ్వకు ఒక్కదానికే వినబడింది.

"ఉన్నది వదినె. బత్కమ్మ పండుగ ముందు సంది ఉన్నది."

సోల కనకవ్వ చేతిలో ఒరిగి బియ్యం కొన్ని నేల పాలయ్యాయి. ఎందుకు అరిచిందో, ఎందుకు గోత్రం ఎత్తిందో, ఆ కొంగును ఎందుకు అదిమి పట్టుకుందో అన్నీ ఒక్కసారి తెలిశాయి. దొంగముండ, ఎన్ని నెలలు ఒక్కతే మోసింది! కనకవ్వకు గట్టిగా కొట్టాలనిపించింది, గట్టిగా కావలించుకోవాలనిపించింది. రెండూ చేయకుండా మిగిలిన బియ్యం పోసింది. ఒడిబియ్యం సగంలో ఆపకూడదు.

ఆ పూటే ఇద్దరూ జగిత్యాల బయలుదేరారు. అందరితో శాంతను బస్సెక్కించి వస్తానని చెప్పింది కనకవ్వ. సారంగాపూర్ రాకముందే, అడవి దారిలో పోలీసులు బస్సు ఆపారు. అన్నలకు బియ్యం మోస్తున్నారని అప్పుడు ప్రతి మూటా విప్పించి చూసేవాళ్లు. ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. శాంత ఒళ్లో మూట మీద లాఠీ ఆనించాడు.

"ఇన్ని బియ్యం ఎవరికి తీసుకెళ్తున్నారు? అడవిలోకేనా?"

శాంత మూటను రెండు చేతులా పొదువుకుంది. కనకవ్వ మూట విప్పి చూపింది. "ఒడిబియ్యం సార్. పసుపు కలిపినయి. ఆడబిడ్డకు పోసినం."

"ఒడిబియ్యమా? అంటే?"

"అడివిలున్నోళ్లకు ఒడి నింపుడు ఏడన్న ఉంటదా సార్? వాళ్లేమన్న మా ఇంటి ఆడపిల్లలా?"

బస్సు బస్సంతా నవ్వింది. వెనక నిలబడ్డ స్థానిక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుని, ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై మూటలోంచి ఒక కుడక తీసి చూసి, మళ్లీ అందులోనే పెట్టి, "సరే, పదండి" అన్నాడు. నెలల తర్వాత మొదటిసారి శాంత కిసుక్కుమంది. నవ్వి వెంటనే వదిన భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

డాక్టర్ దమయంతి గడ్డను చూసింది. వేళ్ల కింద జారుతోంది, నున్నగా ఉంది, చంకలో ఏమీ తగలలేదు. "నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. కని చేతుల మీద నమ్మకం పెట్టి ఊకోవద్దు" అని సూదితో గడ్డలోంచి కొంచెం తీసి కరీంనగర్‌కు పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి వారం, పది రోజులు పడుతుందంది.

ఆ రోజులు కనకవ్వ జీవితంలో అన్నిటికన్నా పొడుగు రోజులు. శాంత పిల్లలను అత్త దగ్గరే ఉంచి పుట్టింట్లోనే ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైనా తిన్నది. చారులో ఉప్పే లేకపోయినా తాగింది. కనకవ్వ కావాలని అన్నం మాడ్చి పెట్టింది, అప్పుడైనా తిడుతుందేమోనని. శాంత మాడు గోక్కుని తిని, కంచం కడిగి బోర్లించింది. కనకవ్వ దొడ్లోకి పోయి ఏడ్చింది. తన చావు గురించి ఇన్నేళ్లలో ఒక్కసారీ అలా ఏడవలేదు.

ఫలితం వచ్చిందని కబురు రాగానే ఇద్దరూ మొదటి బస్సుకే పోయారు. దమయంతి వాళ్లను కూర్చోమనకముందే చెప్పింది. "మంచి గడ్డనే. భయం లేనిది."

"గడ్డలల్ల సుత మంచియి ఉంటయా?" అంది కనకవ్వ.

"ఉంటయి. శానా మందికి అసుంటియే. పెద్దగైతె తీసేస్త, లేకుంటె చూసుకుంట ఉందాం. కని శాంతా, జర చెవి పెట్టి విను. గీ గడ్డ మంచిదని నీకు ఇగ ఏం లేదని కాదు. మీ అవ్వ బిడ్డవు కాబట్టి నీకు మిగిలినోళ్లకంటె భయం ఎక్కువ. ఎక్కువంటె అచ్చి తీరుతదని కాదు. రానోళ్లే ఎక్కువ మంది ఉంటరు. నెలనెల నువ్వు చూసుకో, ఏడాదికోసారి నాకు చూపియ్యి. అచ్చినా మొదట్లనే దొరుకుతది."

శాంత అర్థమైనట్టూ కానట్టూ చూసింది. కనకవ్వే ఆ మాటను ఇంటి భాషలోకి దించింది. "అడివి అంచున చేను ఉన్నది మనది. నడి ఊళ్లె చేనుకంటె పందుల భయం మనకెక్కువ. అని ఇత్తనం ఎయ్యకుంట ఉంటున్నమా? మంచె కట్టి కావలి కాస్తలేమా?"

"గదే," అంది దమయంతి. "నేను చెప్పినదానికంటె మంచిగున్నది."

బయటికి వచ్చి బజారు మలుపు తిరిగారో లేదో, శాంతకు నోరు వచ్చింది. "ఏం వంటనే వదినె అది! పది రోజులు మాడినన్నం పెట్టినవు. మా నాయిన గింత బక్కగైండంటె కాడా మరి! చారుల ఉప్పు ఎయ్యరా మీ కోరుట్లల?" నడిబజారులో తిడుతూనే ఉంది. కనకవ్వ ఆగిపోయి, కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా తిట్టే, ఇంకా తిట్టు" అంది. దారిన పోయేవాళ్లు ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు.

బస్సులో కూర్చున్నాక శాంత గొంతు తగ్గించి అడిగింది.

"స్వరూపకు చెప్పినవా?"

కనకవ్వ కిటికీలోంచి బయటికి చూసింది.

"మా అన్న బిడ్డ గదా వదినె. డాక్టరమ్మ నీకు చెప్పలేదా?"

"చెప్పింది," అంది కనకవ్వ. ఆడబిడ్డకు చెప్పడానికి రెండూళ్లు తిరిగింది, ఒడిబియ్యం పోసింది, పోలీసుతో నవ్వులాడింది. కన్నబిడ్డ పేరు మాత్రం మనసులోకి కూడా రానివ్వలేదు. "నాకు నోరు రాదు శాంతా. నాకు లేదని జిలేబి తిన్న. నా పిల్లకు ఉంటదని ఎట్ల చెప్పాలె?"

"నువ్వు చెప్తె ఏడుస్తవు. నువ్వు ఏడిస్తె పిల్ల భయపడ్తది," అంది శాంత. "నేను చెప్త. మేనత్తను నేను ఉన్న గదా."

ఇంటికి చేరాక శాంత చేసిన మొదటి పని, స్వరూపను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వడం. కనకవ్వ గోడకు ఇవతల అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించింది. శాంత ఏ మాటా దాచలేదు. చిన్నవ్వ ఎవరో, నాగవ్వ ఎవరో, మేనరికం ఏమిటో, తన గడ్డ ఏమిటో, పెద్దయ్యాక ఎలా చూసుకోవాలో, ఎవరికి చూపించాలో, కూర వండే పద్ధతి చెప్పినట్టు వరుసగా చెప్పింది. కనకవ్వ గోడకు ఇంకా దగ్గరికి జరిగింది.

"అయితే నేను సుత నాయినమ్మ లెక్క సచ్చిపోతనా అత్తా?"

"నేను సచ్చిన్నానే?" అంది శాంత. "గీ నోరు సచ్చినదాని నోరు లెక్కున్నదా?"

లోపల స్వరూప పకపకా నవ్వింది. అరుగు మీద కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"సరే అత్తా, యాదికి పెట్టుకుంట," అంది స్వరూప లోపలి నుంచి. "గని జడ జర మెల్లగ అల్లు, నెత్తి గుంజుతున్నది."